ఎడారి జంతువుల ప్రాజెక్టు: టీచర్లూ, అమ్మానాన్నలూ తరచుగా అడిగే ప్రశ్నలు

నేను శ్రీకాకుళం జిల్లాలో, రాత్రయితే సముద్రం హోరు వినిపించే ఊళ్ళో ప్రాథమిక పాఠశాల టీచర్‌ని. ఏటా మూడు, నాలుగు, అయిదు తరగతుల పిల్లలతో ఎడారి జంతువుల మీద ఒక ప్రాజెక్టు చేయిస్తాను. తోటి టీచర్లు కాంప్లెక్స్ మీటింగుల్లో (చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే సమావేశాల్లో), పిల్లల ఇంట్లోవాళ్ళు ఫోన్‌లో అవే సందేహాలు మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారు. విడివిడిగా జవాబులు పంపీ పంపీ వేళ్ళు నొప్పెట్టి, అన్నీ ఒకచోట రాసి పెట్టాను. దేని జవాబు దాని కిందే ఉంది, కావలసింది మాత్రం చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

మన పిల్లలు వానలూ తుఫాన్లూ చూసినవాళ్ళు. వాళ్ళకి ఎడారి గొడవ ఎందుకు?

ఒక జీవి ఒళ్ళు అలాగే ఎందుకుందో చెప్పాలంటే ఎడారిని మించిన పాఠం లేదు కాబట్టి. అక్కడి కష్టాలు మూడే: నీళ్ళు తక్కువ, పగలు ఎండ ఎక్కువ, తిండి అరుదు. ఆ మూడింటికే ఒక్కో జంతువు ఒక్కో దారి వెతుక్కుంది.

నీటి కష్టం మనకి కొత్తేం కాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఉద్దానం ఊళ్ళలో కరెంటు పోయి, మోటార్లు ఆగి, తాగే నీళ్ళకి జనం ఎంత అవస్థ పడ్డారో ఏ ఇంట్లో అడిగినా చెబుతారు. నేను ప్రాజెక్టు అక్కడే మొదలుపెడతాను. "ఒక్క బిందెతో రోజంతా ఎలా గడిపారు? ముందు ఏది మానేశారు?" అని ఇంట్లో అడిగి రమ్మంటాను. స్నానం మానేశాం, గిన్నెలు బూడిదతో తోమేశాం, ఎండలో తిరగడం తగ్గించాం అని రాసుకొస్తారు. అప్పుడు ఒంటె గురించి చెబితే, తమలాగే ఇబ్బంది పడే ప్రాణిగా చూస్తారు. బొమ్మతో మొదలుపెడితే రంగు దగ్గరే ఆగిపోతారు.

"మాస్టారూ, మన సముద్రం గట్టు కూడా ఎడారే కదండీ" అంటున్నారు పిల్లలు. ఏం చెప్పాలి?

కాదని చెప్పండి, కానీ మంచి ప్రశ్న అని మెచ్చుకున్నాక చెప్పండి. ఎడారిని తేల్చేది ఇసుక కాదు, వాన. ఏడాదికి దాదాపు 250 మిల్లీమీటర్ల కంటే తక్కువ వాన పడే చోటిని ఎడారి అంటారు. మన జిల్లాలో వెయ్యి మిల్లీమీటర్లు దాటుతుంది. సహారాలో కూడా ఇసుక దిబ్బలు సుమారు నాలుగో వంతే, మిగతాదంతా రాళ్ళూ కంకరా. అంటార్కిటికాని కూడా ఎడారి అంటారని చెప్పినప్పుడు తరగతిలో లేచే అల్లరిని ఓపికగా భరించండి.

ఇక్కడితో ఊరుకోరు. "సముద్రం పక్కన ఎడారి ఉండదా?" అంటారు. ఉంటుంది. ఆఫ్రికాలో నమీబ్ ఎడారి అట్లాంటిక్ ఒడ్డునే ఉంది. అక్కడ తీరం వెంబడి చల్లటి ప్రవాహం పోతుంటుంది. దానివల్ల పొగమంచు వస్తుంది గానీ వాన రాదు. ఒక రకం పురుగు తెల్లవారుజామున దిబ్బ ఎక్కి, తల కిందికీ వెనకభాగం పైకీ పెట్టి గాలికెదురుగా నిలబడుతుంది. వీపు మీద మంచు చుక్కలు చేరి జారి నోట్లో పడతాయి. తీరం పిల్లలకి ఈ పురుగు ఎంత నచ్చుతుందంటే, మా బడిలో ఇద్దరు మగపిల్లలు వారం రోజులపాటు కనిపించిన గట్టల్లా ఎక్కి తలకిందులుగా నిలబడ్డారు.

ఏ తరగతి పిల్లలకి ఏం చేయించాలి?

ఒకటి, రెండు తరగతులకి ఆటలు చాలు: తడిగుడ్డతో నీళ్ళు మోసే పందెం, ఇసుకలో గింజలు ఏరే ఆట. మూడు నుంచి అయిదు దాకా ప్రయోగాలూ, అట్టపెట్టె ఎడారీ చేయగలరు. ఆరు, ఏడు వాళ్ళు థర్మామీటర్ చూసి పట్టిక వేసి గ్రాఫ్ గీస్తారు. వయసు కంటే చదివే వేగం చూసుకోండి.

ఒక్కొక్కరికీ ఒక్కో జంతువు ఇవ్వాలా, జట్టుగానా?

నలుగురికి ఒక జంతువు. అయిదుగురైతే అయిదోవాడు కత్తెర పట్టుకుని ఊరికే తిరుగుతుంటాడు. జంతువుతోపాటు ఒక ప్రశ్న కూడా ఇవ్వండి. "ఒంటె" అని చీటీ ఇస్తే పేరాలు ఎక్కించుకొస్తారు. "ఒంటె కాళ్ళు ఇసుకలో ఎందుకు దిగబడవు?" అని ఇస్తే ఆలోచించుకొస్తారు.

మొత్తం ఎన్ని రోజులు పడుతుంది?

వారానికి రెండు పీరియడ్ల చొప్పున మూడు వారాలు. శనివారాలు కలిస్తే ఇంకా హాయి.

## జంతువుల్ని ఎంచుకోవడం

ఒంటె తప్ప మాకు ఇంకేం తెలియదు. పిల్లలకి ఏవి ఇవ్వాలి?

ముందు మన దేశంలోవే ఇవ్వండి. రాజస్థాన్ థార్ ఎడారిలో చింకారా అనే చిన్న జింక ఉంది, రోజుల తరబడి నీళ్ళు తాగకుండా ఆకుల తడితో గడిపేస్తుంది. ఎడారి నక్క, ఎడారి పిల్లి ఉన్నాయి. ముళ్ళ తోక బల్లి ఉంది, చూస్తే భయం గానీ తినేది ఆకులే, కన్నంలోకి పోయి మట్టితో తలుపు వేసుకుంటుంది. గుజరాత్‌లో చిన్న రణ్ ఆఫ్ కచ్‌లో అడవి గాడిదలున్నాయి.

బట్టమేక పిట్టని మాత్రం వదలకండి. మీటరు ఎత్తుండే ఈ పక్షి రాజస్థాన్ రాష్ట్ర పక్షి. ఒకప్పుడు మన రాష్ట్రంలోనే కర్నూలు వైపు రోళ్ళపాడులో దీనికి పేరుండేది. ఇప్పుడు దేశం మొత్తం మీద 150 లోపే మిగిలాయని అంచనా, అందులోనూ ఎక్కువ జైసల్మేర్ ప్రాంతంలోనే. బరువైన పక్షి, ముందు చూపు తక్కువ, కరెంటు తీగలకి తగిలి చచ్చిపోతున్నాయి. ఇది విన్నాక ఒక అమ్మాయి తన చార్టులో పక్షి కంటే పెద్దగా కరెంటు స్తంభం గీసింది. దాన్ని చెరపమనలేదు.

బయటి దేశాలవైతే పెద్ద చెవుల ఫెనెక్ నక్క (సహారా), నీళ్ళే తాగకుండా గింజలతో బతికే కంగారూ ఎలుక (అమెరికా), ఒంటి నిండా ముళ్ళుండే థార్నీ డెవిల్ అనే బల్లి (ఆస్ట్రేలియా) చాలు. ఈ బల్లి తడి ఇసుకలో నిలబడితే చాలు, చర్మం మీది సన్నటి గాడుల వెంట నీళ్ళు పాకుతూ నోటిదాకా వస్తాయి.

ఒంటె మూపురంలో నీళ్ళుంటాయనే కదా మనం చదువుకున్నది?

అదే చిక్కు. నేను మొదటిసారి ఈ ప్రాజెక్టు చేయించిన ఏడాది, బ్రహ్మాండమైన ఒంటె బొమ్మ ఒకటి వచ్చింది. మూపురం దగ్గర బాణం గీసి "వాటర్ ట్యాంకు" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు. నేను చూసుకోలేదు. ప్రదర్శన రోజున అందరూ మెచ్చుకున్నారు, ఫొటోలు దిగారు, ఎవరూ తప్పు పట్టలేదు. తర్వాత నాకు తెలిసి తల కొట్టేసినట్టయింది. అప్పటినుంచి ముందు కబురు, తర్వాతే బొమ్మ.

మూపురంలో ఉండేది కొవ్వు. తిండి దొరకనప్పుడు అది కరిగి శక్తినిస్తుంది, మూపురం వాలిపోతుంది. కొవ్వంతా ఒకేచోట పెట్టుకోవడం వల్ల మిగతా ఒళ్ళు దుప్పటి కప్పుకున్నట్టు వేడెక్కదు.

మరి నీళ్ళ సంగతి? ఒంటె నీళ్ళు దాచుకోదు, పోనివ్వదు. మూత్రం చిక్కగా పోస్తుంది, పేడ దాదాపు పొడిగా వేస్తుంది. తన బరువులో పాతిక శాతం దాకా నీరు కోల్పోయినా తట్టుకుంటుంది. దొరికినప్పుడు మాత్రం పది, పదిహేను నిమిషాల్లో వంద లీటర్ల దాకా లాగించేస్తుంది. అంటే మనం మోసే పెద్ద బిందెలు ఏడెనిమిది. బడిలో బకెట్లు వరసగా పెట్టి చూపించండి, అంకె అప్పుడు తలకెక్కుతుంది. దాని ఒంటి వేడి రాత్రి 34 డిగ్రీల దాకా దిగి, పగలు 41 దాకా ఎక్కుతుంది. మనకైతే 41 అంటే 106 జ్వరం, ఆస్పత్రికి పరుగే. ఒంటె అంతదాకా చెమట పట్టకుండా ఓర్చుకుని నీళ్ళు మిగుల్చుకుంటుంది.

చలి ఎడారుల్ని కలపాలా?

అయిదో తరగతి నుంచి కలపండి. లడఖ్‌లో నుబ్రా లోయలో రెండు మూపురాల ఒంటెలున్నాయి. ఫొటో ఒకటి చూపిస్తే చాలు. చిన్న తరగతులకి వేడీ చలీ రెండూ చెబితే తికమక పడతారు.

ఎడారి చెట్ల గురించి కూడా చెప్పాలా? మనకి తెలిసినవేమైనా ఉన్నాయా?

జమ్మి చెట్టు! దసరాకి మనం పూజ చేసి ఆకు కోసుకొచ్చి పెద్దల చేతిలో పెట్టే జమ్మే రాజస్థాన్ రాష్ట్ర వృక్షం, అక్కడ ఖేజ్రీ అంటారు. థార్‌లో మేకలూ ఒంటెలూ చింకారాలూ దాని ఆకు తింటాయి, దాని నీడన నిలబడతాయి. 1730లో జోధ్‌పూర్ దగ్గర ఖేజర్లీ అనే ఊళ్ళో ఆ చెట్లని కొట్టడానికి రాజు మనుషులు వస్తే, అమృతాదేవితో మొదలుపెట్టి 363 మంది బిష్ణోయీలు చెట్లని వాటేసుకుని ప్రాణాలిచ్చారు. దసరా సెలవులయ్యాక ప్రాజెక్టు మొదలుపెడితే ఈ కథ దానంతటదే అల్లుకుపోతుంది.

## సామాను

ఇసుక ఎక్కడ తేవాలి? బీచ్ ఇసుక పనికొస్తుందా?

వంశధార, నాగావళి ఇసుకయితే మేలు. బీచ్ ఇసుకలో ఉప్పుంటుంది. అట్టపెట్టెలో పోస్తే వానాకాలం తేమ పీల్చుకుని అట్ట మెత్తబడిపోతుంది. తప్పనిసరైతే రెండు మూడు నీళ్ళు కడిగి ఆరబెట్టండి. ఊళ్ళో ఎవరో ఒకరు ఇల్లు కడుతూనే ఉంటారు, ఒక బకెట్ అడిగితే కాదనరు. జల్లెడ పట్టాకే పిల్లల చేతికివ్వండి, గాజు పెంకులూ మేకులూ ఉంటాయి.

కళింగపట్నం, భావనపాడు వైపు ఇసుకలో నల్లటి రేణువులు కనిపిస్తాయి. అయస్కాంతం తిప్పితే కొన్ని అంటుకుంటాయి. ఎడారితో సంబంధం లేదు గానీ, పిల్లలు దాన్ని వదిలిపెట్టరు. ఓ పీరియడ్ పోతుందని ముందే లెక్కేసుకోండి.

థర్మోకోల్ లేకుండా జంతువుల్ని ఎలా చేయాలి?

ఎండిన తాటి టెంక చూడండి. పీచు దువ్వి, నాలుగు పుల్లలు గుచ్చితే అచ్చం ఒంటె పిల్ల. కొబ్బరి పీచుతో నక్క తోక, ఈత ఆకుతో గడ్డి, కొబ్బరి చిప్పతో తాబేలు. వినాయక చవితికి మట్టి మిగిలితే అట్టేపెట్టండి. పుట్టమన్ను కోసం మాత్రం పిల్లల్ని పంపొద్దు, పుట్టలో ఏముందో మనకి తెలీదు.

పలాస వైపు జీడిపిక్కలు బోలెడు దొరుకుతాయి. పురుగు బొమ్మలకి వాడొచ్చా?

పచ్చి పిక్కలు వద్దు. తొక్కలో ఉండే జీడిసొన చర్మాన్ని కాల్చి బొబ్బలెక్కిస్తుంది. ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టే అమ్మల చేతులు చూసిన పిల్లలకి ఇది మనం చెప్పక్కర్లేదు. పురుగు బొమ్మలకి చింతపిక్కలు వాడండి, నున్నగా మెరుస్తాయి కూడా.

ఖర్చు ఎంతవుతుంది?

థర్మామీటరూ ఫెవికాలూ తప్ప కొనేదేమీ ఉండకూడదు. చెప్పుల షాపులో ఖాళీ అట్టపెట్టెలు ఊరికే ఇస్తారు. పిల్లలచేత డబ్బు తెప్పించిన ప్రాజెక్టు నా దృష్టిలో అప్పుడే సగం చెడింది.

మావాడు ఉడుము పిల్లని పట్టుకొస్తానంటున్నాడు. నక్షత్ర తాబేలైనా తేవచ్చా?

రెండూ వద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వాటిని పట్టుకోవడం, దగ్గర పెట్టుకోవడం నేరం. బడికోసమన్నా నేరమే. బతికున్న జంతువుని చూడాలనుంటే సాయంత్రం ఇసుక ఒడ్డుకి తీసుకెళ్ళి పీతల కన్నాలు చూపించండి. ఎండకి ఎడారి జంతువులు చేసే పనే అవీ చేస్తాయి: పగలు లోపల, చల్లబడ్డాక బయట. పంగలకర్రతో కన్నంలో పొడవకుండా చూసే బాధ్యత మీదే.

## తరగతిలో చేసేటప్పుడు

ఎడారి జంతువులు కన్నాల్లో ఎందుకుంటాయో ఎలా చూపించాలి?

అన్నిటిలోకీ నాకిష్టమైన ప్రయోగం ఇది, అందుకే కాస్త వివరంగా చెబుతాను. మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యాక చేయండి. ఎండలో పొడిగా ఉన్న ఇసుక కుప్ప కావాలి. బకెట్‌లో పోస్తే పనికిరాదు, పక్కలనుంచి కూడా వేడెక్కిపోతుంది. పొద్దున ఎనిమిదికీ, పదికీ, పన్నెండుకీ మూడుసార్లు థర్మామీటర్ పెట్టాలి. ఒకసారి ఇసుక పైన, గింజంత లోతులో. ఇంకోసారి జానెడు లోతులో. పెట్టిన ప్రతిసారీ రెండు నిమిషాలు ఆగి చదవాలి.

మొదటిసారి నేను ఇంట్లో ఉన్న జ్వరం థర్మామీటర్ పట్టుకెళ్ళాను. అది 42 డిగ్రీలు దాటి చూపించదు. పైగా పాదరసంది. కాసేపటికి ఠక్కుమంది. పిల్లల్ని దూరం పంపి, చేతికి ప్లాస్టిక్ కవరు చుట్టుకుని, అట్టముక్కతో పాదరసం బొట్లు ఎత్తేసరికి చెమటలు పట్టాయి. మీరు హైస్కూల్ ల్యాబ్‌లో ఉండే, లోపల ఎర్ర ద్రవం కనిపించే థర్మామీటర్ అడిగి తెచ్చుకోండి.

పొద్దున ఎనిమిదికి పైనా కిందా పెద్ద తేడా ఉండదు. పన్నెండుకి మాత్రం పైన చెయ్యి పెట్టలేం, జానెడు లోతులో గోరువెచ్చగా ఉంటుంది. మా బడిలో తేడా పదిహేను డిగ్రీలు దాటింది. చదవడం అయ్యాక ఒక పిల్లని మోచేతిదాకా ఇసుకలో చెయ్యి పెట్టమనండి. "లోపల సల్లగుందండి మాస్టారూ!" అని ఆ పిల్ల అరిచిన అరుపు మీరు రాయించే పది వాక్యాలకి సమానం.

చదివేవాళ్ళు తప్ప మిగతావాళ్ళు నీడలోనే ఉండాలి. చెప్పులు తప్పనిసరి.

తడిగుడ్డ ప్రయోగం మా దగ్గర సరిగ్గా రావడం లేదు. ఎందుకు?

ఉక్కపోత వల్ల. ప్రయోగం సులువే: ఒకే కొలత గుడ్డముక్కలు మూడు తడిపి, ఒకటి పరిచి, ఒకటి చుట్ట చుట్టి, ఒకటి చుట్ట చుట్టి పాలిథిన్ కవరులో పెట్టి ఎండలో ఉంచాలి. పరిచింది ముందు ఆరుతుంది, కవరులోది ఆరనే ఆరదు. పగలు ముడుచుకు పడుకునే జంతువు, మందపు పొలుసుల చర్మం ఉన్న బల్లి, ఒంటి నీటిని ఎలా కాపాడుకుంటాయో దీంతో చెప్పొచ్చు.

మన తీరంలో గాలిలోనే తేమ ఎక్కువ. ఉక్కగా ఉన్న రోజు పరిచిన గుడ్డ కూడా గంటలకొద్దీ తడిగానే ఉంటుంది. పడమటి గాలి వీచే పొడి రోజు చూసుకోండి. ఇంకో మాట: ప్రయోగం చెడిన రోజునే మంచి పాఠం చెప్పొచ్చు. మన ఊళ్ళో చెమట కారుతుంది గానీ ఆరదు, అందుకే చిరాకు. ఎడారిలో చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. ఒంట్లో నీళ్ళు పోతున్నట్టు తెలియనే తెలియదు, ప్రమాదం అక్కడే. కుండలో నీళ్ళు ఏ రోజు బాగా చల్లబడతాయో అవ్వనడిగి రమ్మనండి. ఆవిడకి ఈ సైన్సంతా ఎప్పుడో తెలుసు.

ఒంటె పాదం గురించి చూపడానికి ఏముంది?

రెండు లీటరు సీసాల నిండా నీళ్ళు పోసి మూత బిగించండి. ఒకటి అడుగు కిందికి, ఇంకోటి మూత కిందికి వచ్చేలా పొడి ఇసుక మీద నిలబెట్టండి. మూత వైపుది దిగబడుతుంది. బరువు ఒకటే, పాదం వేరు. అయిదారు వందల కిలోల ఒంటె వెడల్పాటి మెత్తటి పాదాలతో ఇసుక మీద తేలినట్టు నడుస్తుంది.

నక్కకి పెద్ద చెవులుంటే చల్లగా ఎలా ఉంటుంది?

టీ సాసర్లో పోసుకుని తాగే తాతని గుర్తు చేయండి. ఒకే గ్లాసు వేడినీళ్ళు సగం పళ్ళెంలో, సగం చెంబులో పోసి పది నిమిషాలాగి చూస్తే పళ్ళెంలోవి ముందు చల్లారతాయి. ఫెనెక్ నక్క ఒళ్ళు కిలోన్నర లోపే గానీ చెవులు 15 సెంటీమీటర్ల దాకా ఉంటాయి. వెడల్పాటి పలుచని చెవుల్లో తిరిగే రక్తం, పళ్ళెంలో నీళ్ళలాగే, గాలికి వేడి వదిలేస్తుంది. ఇసుక కింద కదిలే పురుగు చప్పుడు వినడానికీ ఆ చెవులే.

హైస్కూల్ ఫిజిక్స్ మాస్టారు ఒకాయన, "పళ్ళెంలో ఆవిరి కూడా ఎక్కువ పోతుంది కదండీ, చెవిలోంచి రక్తం ఆవిరవదుగా" అన్నారు. నిజమే. అప్పటినుంచి రెండింటి మీదా పలుచటి ప్లాస్టిక్ కాగితం కప్పుతున్నాను. తేడా తగ్గుతుంది, పోదు.

చిన్నపిల్లలకి పరుగులు పెట్టే ఆట ఏదైనా ఉందా?

శాండ్‌గ్రౌస్ పందెం. పావురమంత ఉండే ఈ పక్షి గూడు నీళ్ళకి చాలా దూరంలో ఉంటుంది. మగపక్షి నీళ్ళలో కూర్చుని పొట్ట ఈకలు తడుపుకుని, కిలోమీటర్ల కొద్దీ ఎగిరొచ్చి నిలబడితే, పిల్లలు ఆ ఈకలు చప్పరించి దాహం తీర్చుకుంటాయి. ఆటలో ప్రతి జట్టుకీ ఒక నూలు తువ్వాలు, ఒక బకెట్, అవతలి గట్టున ఒక ఖాళీ గ్లాసు. తడిపి, పరిగెత్తి, గ్లాసులో పిండాలి. అయిదు నిమిషాల్లో ఎవరి గ్లాసు ఎక్కువ నిండితే వాళ్ళు గెలిచినట్టు. తర్వాత అదే ఆట పాలిస్టర్ గుడ్డతో ఆడించండి. నీళ్ళు ఎందుకు రాలేదో వాళ్ళే చెబుతారు. ఆ రోజు బడి బట్టలన్నీ తడుస్తాయి, ఇంటికి ముందే కబురు పెట్టండి.

ఇసుక రంగులో కలిసిపోవడం ఎలా అర్థమవుతుంది?

చాప మీద ఇసుక పరిచి ఉలవలు ఇరవై, పెసలు ఇరవై చల్లండి. పిల్లలే గద్దలు. అరనిమిషంలో ఒక్కో గింజే ఏరాలి. పచ్చటి పెసలు ముందు పోతాయి, ఉలవలు మిగిలిపోతాయి. ఆట అయ్యాక ఎత్తేయండి, లేకపోతే మధ్యాహ్నానికి చీమలు ప్రాజెక్టు పూర్తి చేస్తాయి.

నేనొక్కడినే టీచర్‌ని, అయిదు తరగతులు. ఇదంతా కుదురుతుందా?

కుదురుతుంది, అన్నీ చేయకపోతే. ఇసుక వేడి ప్రయోగం ఒక్కటి చాలు. అయిదో తరగతివాళ్ళు చదువుతారు, మూడువాళ్ళు రాస్తారు, ఒకటివాళ్ళు గడియారం ముల్లు చూసి "టైమైంది" అని కేకేస్తారు. ఆ కేకకి ఎంత పోటీయో!

మా పిల్లలు ఇంట్లో ఒడియా మాట్లాడతారు. తెలుగులో రాయలేక వెనకబడుతున్నారు.

ఇచ్ఛాపురం వైపు ఇది మామూలే. రాయించడం తర్వాత, ముందు చెప్పనివ్వండి. ఒంటెని ఒడియాలో ఓటో అంటే ఓటో అనే అననివ్వండి. చార్టు మీద రెండు పేర్లూ రాస్తే తెలుగు పిల్లలకి కూడా కొత్త మాట దొరుకుతుంది.

## అట్టపెట్టె ఎడారి

పెట్టెలో నాగజెముడు పెడితే తప్పా?

ఏ ఎడారో చూసుకోవాలి. కాక్టస్ జాతి మొక్కల పుట్టిల్లు అమెరికా ఖండాలు. మన చేల గట్ల మీది నాగజెముడు కూడా అక్కడినుంచి వచ్చిందే. అందుకని సహారా దిబ్బల మధ్య చేతులు చాచిన పెద్ద కాక్టస్, దాని నీడన ఒంటె, పక్కన కంగారూ ఎలుక పెడితే బొమ్మ అందంగానే ఉంటుంది గానీ రెండు ఖండాలు కలిసిపోయినట్టే. మా బడిలో నియమం ఒకటే: ఒక పెట్టె, ఒక ఎడారి. థార్ పెట్టెలో జమ్మి కొమ్మ, జిల్లేడు ఆకు పెట్టండి. జిల్లేడు పాలు కంట్లో పడకుండా పెద్దవాళ్ళే తుంపాలి.

పగలు చూపించాలా, రాత్రి చూపించాలా?

రెండూ. పెట్టెని నిలువునా సగం చేసి ఒకవైపు పసుపు కాగితం, ఒకవైపు నల్ల కాగితం అంటించండి. పగటి వైపు దాదాపు ఖాళీగా ఉండాలి. జంతువులు లేవేమని చూసేవాళ్ళు అడుగుతారు. పిల్లలు పెట్టె అడుగున కోసిన కన్నం తలుపు తీసి చూపిస్తారు.

పెట్టెలన్నీ అమ్మానాన్నలే చేసి పంపుతున్నారు. ఏం చేయాలి?

పెట్టె ఇంటికి పంపకండి, అంతే. కొందరు నాన్నలకి ఇది కష్టంగా ఉంటుంది, పాపం. వాళ్ళని శనివారం బడికి పిలిచి కత్తెర పని, జిగురు పని ఇవ్వండి. ఏది ఎక్కడ పెట్టాలో పిల్లలు చెప్పాలి.

## ప్రదర్శన, మార్కులు

మార్కులు దేనికి వేయాలి?

బొమ్మ అందానికి వేయకండి. నేను ప్రతి పిల్లకీ మూడే ప్రశ్నలు వేస్తాను: ఈ జంతువు కష్టం ఏమిటి? దాని ఒళ్ళు గానీ అలవాటు గానీ ఆ కష్టాన్ని ఎలా తీరుస్తోంది? నీకెలా తెలిసింది? మూడోదానికి "చూశాను", "కొలిచాను", "పుస్తకంలో ఉంది" ఏదైనా సరే, "మాస్టారు చెప్పారు" అంటే మాత్రం అర మార్కు కోత. పిల్లలు దీన్ని అన్యాయమంటారు. వాదించనివ్వండి.

చూడ్డానికి వచ్చినవాళ్ళ ముందు పిల్లలు బిగుసుకుపోతున్నారు. టెన్షన్ ఎలా పోగొట్టాలి?

కంఠతా పట్టించడం మానేయండి. జంతువునే మాట్లాడించండి: "నేను ముళ్ళ తోక బల్లిని, నన్ను చూసి పారిపోకండి, నేను ఆకులే తింటాను." ముఖానికి అట్ట ముసుగు ఉంటే సిగ్గు సగం పోతుంది. మా ఊళ్ళో తప్పెటగుళ్ళు ఆడే తాత ఒకాయన ఉన్నాడు. ఆయన మనవడు తన ఒంటె మాటల్ని ఆ అడుగులతో చెప్పాడు. ఒంటె నడక అలా ఉండదని ఎవరో అనబోతే, చప్పట్లలో వినపడలేదు.

## అయిపోయాక

ఇసుకా బొమ్మలూ ఏం చేయాలి?

ఇసుక ఎవరిది వాళ్ళకి. బొమ్మల్లో మంచివి రెండు వచ్చే ఏడాదికి ఉంచండి, మిగతావి ఇళ్ళకి పంపేయండి. పిల్లలు రాసిన ఉష్ణోగ్రతల పట్టిక మాత్రం పారేయకండి. వచ్చే ఏడాది పిల్లలు తమ అంకెల పక్కన పెట్టి చూసుకోవడానికి పనికొస్తుంది.

"ఒంటె అంత గట్టిది కదా, మన ఊళ్ళో హాయిగా బతకదా?" అని మా అబ్బాయి అడిగాడు. జవాబేమిటి?

జాతరలో ఒంటె ఎక్కిన ప్రతి పిల్లాడూ అడుగుతాడిది. కొన్నాళ్ళు ఉంటుంది, హాయిగా మాత్రం ఉండదు. తేమ గాలికి దానికి చర్మరోగాలు పట్టుకుంటాయి. జోరీగలు కుట్టడం వల్ల సర్రా అనే జబ్బు వస్తుంది. వానాకాలంలో మన దగ్గర జోరీగలకి కొదవా! ఎండలో ఇసుక మీద దిగబడని ఆ మెత్తటి పాదమే తడి రేగడి మీద జర్రున జారుతుంది. మీ అబ్బాయి నమ్మకపోతే, ఊడ్పుల రోజుల్లో నున్నటి అడుగున్న రబ్బరు చెప్పులేసి పొలం గట్టు మీద నాలుగడుగులు నడిపించండి.